నీలం తాడు లోపల నిలబడాలంటే

నాకు ముక్కు మీదే కోపమని అత్తవారింట్లో అందరూ అంటారు. బడిలో పిల్లలు మిరపకాయ టీచర్ అంటారు, అదీ నేను వరండా దాటి వెళ్ళానని ఖాయం చేసుకున్నాక. నాకేం బాధ లేదు. కోపం తెలియని మనిషి నాలుగో తరగతిని ఒక పూట కూడా నెట్టుకురాలేదు. అయితే ఈసారి నాకు కోపం తెప్పించింది పిల్లలు కాదు, గోడకి తగిలించిన ఒక చార్టు.

ఆ చార్టు అచ్చు వేయించింది మా హెడ్మాస్టరు. హెడ్మాస్టరంటే ఎవరో కాదు, మా ఆయన తమ్ముడే. ఇంటి గుమ్మం లోపల "వదినా, కాస్త మంచినీళ్ళు" అంటాడు, బడి గేటు లోపల "టీచర్ గారూ, ఒకసారి నా గదికి వస్తారా" అంటాడు. నేను కాపురానికొచ్చిన కొత్తలో అతని చేత ఎక్కాలు చెప్పించి, తప్పినప్పుడల్లా చెవి మెలేసింది నేనే. ఆ చెవి ఇప్పుడు నా మాట వినదు.

ఈ ఏడాది పిల్లలకి ఒక కథనీ, అదే విషయం మీద రాసిన సమాచార పాఠాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం నేర్పాలన్నారు. మంచి ఆలోచనే. కప్ప గురించి ఒక కథ, కప్ప గురించి ఒక వ్యాసం. రెండూ చదివి ఏ మాట దేనిలో ఉంది, ఏది రెండింటిలోనూ ఉంది అని పిల్లలే తేల్చాలి. మా మరిది ఉత్సాహంగా చార్టు తయారు చేయించి ప్రతి గదిలోనూ తగిలించాడు. దాని మీద రెండే ముక్కలు. ఒక పక్క 'కథ: ఊహ'. ఇంకో పక్క 'సమాచారం: నిజం'. కింద ఒక గులాబీ పువ్వు, ఎందుకో మరి.

నేను చార్టుల మనిషిని కాను. ఇంట్లో బట్టలారేసే పాత తాడు రెండు ముక్కలు చేసి, ఒకదానికి ఎరుపు, ఇంకోదానికి నీలం రంగు పట్టించి బడికి తీసుకెళ్ళాను. బెంచీలు వెనక్కి నెట్టి, రెండు తాళ్ళనీ నేల మీద గుండ్రంగా, ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కేట్టు పరిచాను. ఎరుపు కథది, నీలం సమాచారానిది. ఒక్కొక్కరి మెడలో ఒక్కో వాక్యం రాసిన అట్టముక్క తగిలిస్తే, వాళ్ళే ఆలోచించుకుని వెళ్ళి తమ తాడులో నిలబడాలి. 'కప్ప చందమామ మీద కాపురం పెట్టింది' ఎర్ర తాడులోకి గంతులేస్తూ పోయింది. 'కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది' దర్జాగా నీలం తాడులోకి నడిచింది. 'కప్ప వానకి సంతోషించింది' మాత్రం ఎటూ తేల్చుకోలేక మధ్యలో నిలబడి ఏడుపు మొహం పెట్టింది. కప్పకి సంతోషం ఉంటుందా, ఉందని మనకెలా తెలుస్తుంది అని పీరియడంతా తగువు నడిచింది. అలాంటి తగువంటే నాకు ప్రాణం.

ఆ తగువులో నోరు విప్పని పిల్ల ఒక్కతే. నిజానికి దాన్ని నేను వాగుడుకాయ అని పిలిచేదాన్ని. "టీచర్, ఒక డౌటు" అని మొదలుపెట్టి వీధి వీధంతా చుట్టొచ్చేది, డౌటు మాత్రం చివరికి మర్చిపోయేది. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. ఒక తెల్లవారుజామున ఆయన నడుపుతున్న బస్సు మార్కెట్టు గోడని గుద్దేసింది. ఎవరి ప్రాణం పోలేదు గానీ కొందరికి దెబ్బలు తగిలాయి. డ్రైవరు కునుకు తీశాడని పేపర్లో వేశారు. బస్సుల యజమాని ఆ పూటే ఆయన్ని తీసేశాడు. నిద్రపోయే డ్రైవరని పేరు పడ్డాక ఇంకెవరు బండి చేతికిస్తారు? ఆయన ఇంట్లోనే కూర్చున్నాడు.

మా క్లాసులో ఎవరో ఆ పిల్లకి 'కునుకు' అని పేరు పెట్టారు. అది బోర్డు దగ్గరికి వస్తే చాలు, వెనక బెంచీల్లోంచి గురక వినిపించేది. ఎవరి పనో కనిపెట్టడం నాకు పెద్ద కష్టం కాలేదు. మా మరిది కొడుకే. వాడిని ఇంట్లో పిడుగు అంటాం. ఇంట్లో నన్ను పెద్దమ్మా అంటాడు, బడిలో టీచర్ అని పిలవాలని నా ఆజ్ఞ. గురక పెట్టినందుకు వాడిని రోజంతా నిలబెట్టాను. గురక ఆగింది, పేరు ఆగలేదు. వాగుడుకాయ నోటికి తాళం పడిపోయింది. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. ఆ నోరు మళ్ళీ తెరిపించలేకపోతే నేను టీచరునని చెప్పుకోవడం దండగ.

ఒకసారి పిల్లల్ని ఇంటి నుంచి తలా ఒక పేపరు ముక్క తెచ్చుకోమన్నాను. దానికి జతగా ఒక కథ రాయాలి, తర్వాత రెండూ పోల్చాలి. వానల గురించి తెచ్చినవాళ్ళున్నారు, ఆటల గురించి తెచ్చినవాళ్ళున్నారు, ఒకడు చెప్పుల ప్రకటన తెచ్చి అది సమాచారమేనని వాదించాడు. వాగుడుకాయ తన వంతు రాగానే లేచి వచ్చి, మడతలు పెట్టిన కాగితం నా బల్ల మీద పెట్టింది. విప్పితే మార్కెట్టు గోడ ఫోటో. నేను గబుక్కున మళ్ళీ మడవబోయాను. అది నా చెయ్యి పట్టుకుంది.

"ఇది కథా, సమాచారమా టీచర్?"

చాలా రోజులకి విన్న గొంతు. బొంగురు పోయి ఉంది.

"సమాచారం" అన్నాను, ఇంకేమనాలో తోచక.

అది తల తిప్పి చార్టు చూసింది. "సమాచారమంటే నిజమని రాసుంది కదా. అయితే మా నాన్న నిద్రపోయింది నిజమేనా?"

వెనక బెంచీలో పిడుగు తల దించుకుని చెప్పు సర్దుకుంటున్నాడు. నేనేం చెప్పాలి? అవునంటే వాళ్ళ నాన్నని నేనే ఇంకోసారి ఉద్యోగంలోంచి తీసేసినట్టు. కాదంటే నేను చూడని దాన్ని చూసినట్టు చెప్పడం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు. ఆ రెండు ముక్కల చార్టు మీద, దాని గులాబీ పువ్వు మీద.

"నాకు తెలీదు" అన్నాను. "అందరం కలిసి చూద్దాం. ఒరే పిడుగూ, లేచి గట్టిగా చదువు."

వాడు చదివాడు. 'మార్కెట్ గోడను ఢీకొన్న బస్సు. తెల్లవారుజామున జరిగిన ఈ ఘటనలో పలువురికి గాయాలయ్యాయి. డ్రైవర్ కునుకు తీయడమే ప్రమాదానికి కారణమని తెలిసింది. డ్రైవర్‌ను విధుల నుంచి తొలగించినట్లు బస్సుల యజమాని చెప్పారు.' కునుకు అన్న మాట దగ్గర వాడి గొంతు సన్నగిల్లింది.

బస్సు గోడని గుద్దిందన్నది నీలం తాడులోకే పోవాలన్నారు పిల్లలు. ఎందుకంటే ఆ విరిగిన గోడ పక్కనుంచే రోజూ బడికొస్తున్నారు. దెబ్బలు తగిలాయన్నదీ నీలంలోకే. ఒక పిల్ల మేనత్త ఆస్పత్రిలో నర్సు, స్వయంగా కట్లు కట్టింది. కునుకు దగ్గరికొచ్చేసరికి బండి ఆగింది.

"ఎవరు చూశారు?" అంది ముందు బెంచీ పిల్ల.

"బస్సులో వాళ్ళు."

"వాళ్ళు వెనక కూర్చుంటారు కదా. డ్రైవరు కళ్ళు వాళ్ళకెలా కనిపిస్తాయి?"

"అద్దంలో."

"అద్దంలో చూశామని ఎవరైనా చెప్పారా?"

పిడుగు కాగితం మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా వెతికాడు. "లేదు" అన్నాడు.

"డ్రైవర్ని అడిగారా?"

"అదీ లేదు."

నేను ఒక తెల్లకాగితం తీసుకుని, పిల్లలు అడిగిన ప్రశ్నలే దాని మీద పెద్ద అక్షరాలతో రాశాను. ఎవరు చెప్పారు? వాళ్ళు చూశారా? ఎవరిని అడిగారు? ఆ కాగితాన్ని తీసుకెళ్ళి చార్టు మీద 'నిజం' అన్న మాట కనబడకుండా అంటించాను. ఇక మీదట నీలం తాడులో నిలబడాలంటే ఈ మూడింటికీ జవాబు చెప్పాలి, చెప్పలేనివాళ్ళు బయటికి నడవాలి అని రూలు పెట్టాను. పిల్లలకి రూళ్ళంటే మహా ఇష్టం, ఎదుటివాడి మీద ప్రయోగించేవైతే.

సంగతి హెడ్మాస్టరు చెవిన పడకుండా ఉంటుందా? ఆ వారం చివర తల్లిదండ్రుల సభ. ప్రతి తరగతీ ఒక పాఠం చేసి చూపించాలి. ముఖ్య అతిథి ఆ బస్సుల యజమానే. మా బడిలో సగం మంది పిల్లలు ఆయన వ్యాన్లలోనే వస్తారు. ఆయన గేటు దాటి లోపలికొస్తే మా మరిది నడుము దానంతటదే వంగుతుంది. భోజనాల దగ్గర నా పక్కకి పీట జరుపుకున్నాడు.

"వదినా, సభలో ఆ పేపరు ముక్క జోలికి పోవద్దు. ముందు వరసలో ఎవరు కూర్చుంటారో తెలుసుగా."

"తెలుసు. కుర్చీ తుడిపించింది నేనే."

"వేళాకోళం కాదు. ఆయన వ్యాన్లు ఆపేస్తే పిల్లలెలా వస్తారు?"

"ఆయన్ని వ్యాన్లు నడుపుకోమను. నా పాఠం ఆయన నడపక్కర్లేదు."

"కప్ప పాఠం చూపించు చాలు. చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు."

"నాకూ కప్పే నచ్చింది" అన్నాడు మా ఆయన, కంచంలోంచి తలెత్తకుండా. నేను చూసిన చూపుకి మళ్ళీ కంచంలోకే దిగిపోయాడు.

"చార్టు మీద నిజం అన్న మాట కప్పేశావట" అన్నాడు మరిది.

"అవును. జిగురు ఇంకాస్త దట్టంగా పూయాల్సింది."

"పిల్లలకి ప్రతిదాన్నీ అనుమానించడం నేర్పితే చివరికి నిన్నూ నన్నూ కూడా నిలదీస్తారు, వదినా."

"నిలదీయనీ. జవాబుంటే చెబుదాం, లేకపోతే లేదందాం. అక్షరాలు వచ్చినంత మాత్రాన అచ్చులో ఉన్నదల్లా మింగమని చెప్పడానికా నేను బడికి వెళ్తున్నది?"

"ఇది మరిదిగా కాదు, హెడ్మాస్టరుగా చెబుతున్నాను."

"అయితే బడిలో చెప్పు, రాసి ఇవ్వు. నాలుగో తరగతి పిల్లలు 'ఎవరు చూశారు' అని అడగకూడదు అని రాసి సంతకం పెట్టు. దాన్ని కూడా తాడులో నిలబెడతాను."

అతను చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ మూల కూర్చున్న పిడుగు అన్నం కలుపుతూనే ఉన్నాడు గానీ ముద్ద ఎత్తలేదు. హెడ్మాస్టరు నాకేమీ రాసి ఇవ్వలేదు.

ఇంతలో వాగుడుకాయ తన కథ రాసుకొచ్చింది. అందులో బస్సు మాట్లాడుతుంది. 'నా కాలు నొప్పిగా ఉంది, నేను పరిగెత్తలేను' అని బస్సు ఏడిస్తే, డ్రైవరు దాని బానెట్టు నిమిరి, 'మీ అయ్యగారికి చెబుతాలే' అంటాడు. అయ్యగారేమో 'దానికి బద్ధకం, నాలుగు తగిలించు' అంటాడు. పిల్లలు విరగబడి నవ్వారు. మాట్లాడే బస్సు ఎర్ర తాడులోకి గౌరవంగా వెళ్ళింది. ఆ తర్వాత అది ఇంకో అట్టముక్క తీసింది. 'బస్సు బ్రేకు చెడిపోయింది.' దాన్ని మెడలో వేసుకుని తిన్నగా నీలం తాడులోకి వెళ్ళి నిలబడింది.

"ఎవరు చెప్పారు?" అన్నారు పిల్లలు.

"నాకు తెలుసు."

"నువ్వు చూశావా?"

"లేదు. కానీ మా నాన్న నిద్రపోలేదు, అయితే ఇంకేం జరిగుంటుంది?"

"ఎవరిని అడిగావు? మీ నాన్ననా?"

అది నా వైపు వంగింది. నాకు మాత్రమే వినిపించేట్టు అంది. "మా ఇంట్లో ఎవరూ ఆ మాట అడగరు టీచర్. అమ్మ కూడా అడగదు. అడిగితే నాన్న ఏడుస్తాడేమోనని."

పిల్లలంతా నా మొహం చూశారు. ఈ ఒక్కసారికి వదిలేస్తాననుకున్నారు. నాకూ వదిలేయాలనే ఉంది.

"అయితే నీ అట్టముక్క నీలంలోకి రాదు" అన్నాను. "బయటికి రా."

"మీరు కూడా మా నాన్న నిద్రపోయాడనే అంటున్నారా?"

"నేను అలా అనలేదు. నీకొక రూలు, ఆ బస్సులాయనకి ఇంకో రూలు పెడితే, ఈ తాడు మళ్ళీ బట్టలారేసుకోవడానికి కూడా పనికిరాదు."

అది అట్టముక్క తీసి నేలకేసి కొట్టి బయటికొచ్చింది. ఆ పిల్ల నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. డ్రైవరు గుమ్మం పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, పిల్ల స్కూలు సంచీకి తెగిపోయిన పట్టీ కుడుతున్నాడు. సభకి తప్పకుండా రమ్మన్నాను. వస్తానని అనలేదు, రానని అనలేదు. "మా అమ్మాయి క్లాసులో మాట్లాడుతోందాండీ?" అని మాత్రం అడిగాడు. అబద్ధం చెప్పడానికి నా నోరు రాలేదు. లేదన్నాను.

సభ రోజు పొద్దున్నే పిడుగు నా దగ్గరికి వచ్చాడు. "పెద్దమ్మా, కునుకు అట్టముక్క నాకివ్వు."

టీచర్ అనమని గద్దించడం కూడా మర్చిపోయాను. "ఎందుకు?"

"ఊరికే."

వీడి ఊరికేల సంగతి నాకు తెలుసు. అయినా ఇచ్చాను. ఏం చూసి ఇచ్చానంటే చెప్పలేను.

హాలు నిండా తల్లిదండ్రులు. ముందు వరసలో బస్సుల యజమాని, ఆయన పక్కన చేతులు కట్టుకుని మా మరిది. డ్రైవరు వచ్చాడు. లోపలికి రాకుండా వెనక తలుపు దగ్గరే, ఒక కాలు బయట పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన భార్య మాత్రం లోపల కూర్చుంది. మేము కప్ప పాఠం చూపించాం. చందమామ మీద కాపురం దగ్గర నవ్వారు, చర్మంతో ఊపిరి దగ్గర ఔరా అన్నారు, చప్పట్లు కొట్టారు. మా మరిది అక్కడి నుంచే చాలు, చాలు అని చేత్తో సైగ చేశాడు. నాకు దూరపు చూపు కాస్త తక్కువ, అవసరమైనప్పుడు.

"ఇప్పుడు రెండో జత" అన్నాను. "పేపర్లో వచ్చిన ముక్క ఒకటి, మా క్లాసు అమ్మాయి రాసిన కథ ఒకటి. రెండూ మార్కెట్టు గోడని గుద్దిన బస్సు గురించే."

యజమాని మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలోంచి పోయింది. మాట్లాడే బస్సు ఎర్ర తాడులోకి వెళ్ళింది. 'బస్సు గోడని గుద్దింది' రెండింటిలోనూ ఉంది కాబట్టి మధ్యలో నిలబడింది. దెబ్బలు తగిలినవాళ్ళు నీలంలో నిలబడ్డారు. అప్పుడు పిడుగు నడిచొచ్చాడు. మెడలో 'డ్రైవర్ కునుకు తీశాడు'. తిన్నగా వెళ్ళి నీలం తాడులో నిలబడ్డాడు. యజమాని కాలు మీద కాలు వేసుకున్నాడు.

పిడుగు క్లాసు వైపు తిరిగాడు. "అడగండి."

"ఎవరు చెప్పారు?"

"పేపరు."

"వాళ్ళు చూశారా?"

"చూశామని రాయలేదు."

"ఎవరిని అడిగారు?"

"యజమానిని. ఆయనా చూడలేదు. ఆయన బస్సులో లేరు."

యజమాని ఇంకా నవ్వుతూనే అన్నాడు. "బాబూ, అది అందరికీ తెలిసిన విషయమేగా."

"అందరూ అంటే ఎవరండీ?" అంది ముందు బెంచీ పిల్ల, ఎంతో మర్యాదగా. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. మా మరిది కుర్చీలోంచి సగం లేచాడు.

పిడుగు వాళ్ళ నాన్న కేసి చూశాడు. చూసి, చూపు తిప్పుకుని, గట్టిగా అన్నాడు. "ఎవరూ చూడలేదంటే ఎవరో ఊహించి చెప్పారన్నమాట. ఊహ అయితే ఇక్కడ ఉండకూడదు." కాలెత్తి నీలం తాడు దాటాడు, మధ్యలోంచి నడిచి ఎర్ర తాడులోకి వెళ్ళి మాట్లాడే బస్సు పక్కన నిలబడ్డాడు. అంతటితో ఆగలేదు. "ఆ అమ్మాయికి కునుకు అని పేరు పెట్టింది నేనే. నేను కూడా చూడలేదు."

ఇంట్లో పాలగ్లాసు పగలగొట్టి పిల్లి మీదకి తోసే పిల్లాడు వాడు. నా కళ్ళు చెమర్చాయి. మా మరిది మిగతా సగం లేవడం మర్చిపోయి అలాగే ఉండిపోయాడు.

వాగుడుకాయ మెడలో అట్టముక్క లేదు. దాన్ని నేనే బయటికి పంపాను కదా. అది వరసలోంచి ముందుకొచ్చింది, కానీ తాళ్ళ వైపు రాలేదు. వెనక తలుపు వైపు తిరిగింది.

"నాన్నా, నువ్వు నిద్రపోయావా?"

హాలంతా వెనక్కి తిరిగింది. డ్రైవరు తలుపు చట్రం పట్టుకున్నాడు. వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ ఒక్క మాట, పేపరువాళ్ళు అడగలేదు, యజమాని అడగలేదు, ఇంట్లోవాళ్ళూ అడగలేదు.

"లేదమ్మా" అన్నాడు ఆయన. గొంతు సరిచేసుకుని, ఈసారి హాలంతటికీ వినిపించేలా చెప్పాడు. "లేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాను. బ్రేకు తొక్కాను, అది అడుగు దాకా దిగిపోయింది. బస్సు ఆగలేదు. బ్రేకు సరిగ్గా పట్టడం లేదని యజమానిగారికి ముందే చెప్పాను."

ఆయన ఏడవలేదు. ఏడుస్తాడని ఇన్నాళ్ళూ భయపడినవాళ్ళే ఏడ్చారు. బయట పెట్టుకున్న రెండో కాలు కూడా లోపల పెట్టి, హాల్లోకి వచ్చి నిలబడ్డాడు.

వాగుడుకాయ నా బల్ల మీద నుంచి ఒక ఖాళీ అట్టముక్క తీసుకుంది. వంగి రాసింది. మెడలో వేసుకుని నీలం తాడులోకి అడుగు పెట్టింది. 'బ్రేకు తొక్కినా బస్సు ఆగలేదని మా నాన్న చెప్పాడు.'

"అడగండి" అంది.

"ఎవరు చెప్పారు?"

"మా నాన్న."

"ఆయన చూశారా?"

"డ్రైవరు సీట్లో ఉన్నది ఆయనే."

"ఎవరిని అడిగావు?"

"ఆయన్నే. ఇప్పుడే. మీరందరూ విన్నారు."

పిల్లలు నా కేసి చూశారు. "ఉండొచ్చు" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు, అందుకని మళ్ళీ అన్నాను. "అక్కడే ఉండు. కదలకు."

యజమాని లేచి నిలబడ్డాడు. "చిన్నపిల్లల చేత నా మీద నాటకాలు ఆడిస్తున్నారా?" అన్నాడు, నాతో కాదు, మా మరిదితో.

జవాబు నేనే చెప్పాను. "నాటకం కాదండీ, పాఠం. మీకూ చెప్పుకునే హక్కుంది. ఇదిగో అట్టముక్క. ఆ పొద్దున మీరు మీ కళ్ళతో చూసిందేదైనా ఉంటే రాయండి. నీలం తాడులో మీకూ చోటుంది."

ఆయన అట్టముక్క కేసి చూశాడు. తర్వాత ఫోను చెవికి పెట్టుకుని, అది మోగకపోయినా మాట్లాడుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

హాలు ఖాళీ అయ్యాక మా మరిది క్లాసులోకి వచ్చాడు. నేను తాళ్ళు చుట్టుకుంటున్నాను.

"ఇక వ్యాన్లు రావు వదినా. ఏం చేశావో నీకు అర్థమవుతోందా?"

"అర్థమయ్యే చేశాను. వ్యాన్లు రాకపోతే పిల్లలు నడుస్తారు. నన్ను తీసేయాలంటే తీసెయ్. పాఠం మాత్రం అయిపోయింది, దాన్ని తీసేయలేవు."

అతను చార్టు దగ్గరికి వెళ్ళి, నేను అంటించిన కాగితం అంచుని గోరుతో గీరాడు. జిగురు గట్టిగానే పట్టింది. కాసేపు ఆ మూడు ప్రశ్నలూ చదువుకున్నాడు. "వాడికి ఇవన్నీ నువ్వే చెప్పి చేయించావా?" అని అడిగాడు, కొడుకు సంగతి.

"నేను చెప్పలేదు. నమ్మకం లేకపోతే వాడినే అడుగు."

కాగితం అలాగే వదిలేసి వెళ్ళాడు. నన్ను తీసేయలేదు కూడా. ఇంట్లో మాత్రం కొన్నాళ్ళు మంచినీళ్ళు తనే ముంచుకుని తాగాడు.

డ్రైవరుకి ఉద్యోగం తిరిగి వచ్చిందని, యజమాని వచ్చి చేతులు పట్టుకున్నాడని చెబితే వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ వాక్యం ఎర్ర తాడులోకి పోతుంది. నేను చూసింది ఇది. సభ అయిన మర్నాడు వ్యాన్లు రాలేదు. నేను గేటు దగ్గర నిలబడి, ఎంతమంది వస్తారో, ఎంతమంది రారో అని గుబులుగా రోడ్డు కేసి చూస్తున్నాను. మలుపు దగ్గర పిల్లల గుంపు కనిపించింది. చేతులు పట్టుకుని, జంటలు జంటలుగా, రోడ్డు వారగా నడిచి వస్తున్నారు. వాళ్ళకి ముందు డ్రైవరు. వీధి దాటాల్సిన చోట చెయ్యి అడ్డం పెట్టి లారీని ఆపి, అందరూ దాటాక తను దాటాడు. ఇంటింటికీ వెళ్ళి పిల్లల్ని తను పిలుచుకురాలేదట, తల్లులే తెచ్చి ఆయనకి అప్పజెప్పారట. ఆ సంగతి ఇద్దరు తల్లుల్ని నేనే అడిగి తెలుసుకున్నాను, కాబట్టి నీలంలోకే వస్తుంది. గుంపులో చివర పిడుగు, వాగుడుకాయ సంచీ కూడా తనే మోస్తున్నాడు, మొహం మాత్రం మాడ్చుకుని.

క్లాసులో హాజరు తీశాను. వాగుడుకాయ దగ్గరికొచ్చాను.

"ఉన్నాను టీచర్. టీచర్, ఒక డౌటు. చెప్పుల ప్రకటన మొన్న మీరు నీలంలోంచి తీసేశారు కదా, కానీ మా వీధిలో ఆ చెప్పులు కొన్నావిడ ఉంది, ఆవిడని నేను అడిగాను, ఆవిడేమందంటే, అసలు ముందు ఆవిడ కొనాలనుకోలేదట, వాళ్ళ తోడికోడలు కొందని..."

తోడికోడలు దగ్గర నుంచి ఆడపడుచు దగ్గరికి, అక్కడి నుంచి వాళ్ళ పక్కింటి కోడి దగ్గరికి వెళ్ళింది. మిగతా పేర్లు పిలవడం మిగిలిపోయింది. గంట కొట్టేశారు.

"వాగుడుకాయా, ఇక నోరు ముయ్యి" అన్నాను.

ముయ్యలేదు.